ఏడు చేపలు, ఒక ఆర్కెస్ట్రా: ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

ఏడు చేపల కథకు ఆర్కెస్ట్రా సంగీతం కట్టాలన్న కోరిక ఎన్నాళ్లుగానో మనసులో ఉంది. ఇవాళ పని మొదలుపెట్టాను. కథ చెప్పే గొంతు ఒకటి, వెనక 30 మంది వాద్యకారులు, 13 నిమిషాల నిడివి. వినేవాళ్లు ఐదేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలు.

కథ తెలియనివారు ఉండరు. అయినా పని కోసం ఒకసారి వరసగా రాసుకున్నాను. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెడితే ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. ఎందుకని చేపను అడిగితే గడ్డిమోపు అడ్డం వచ్చిందంది. గడ్డిని అడిగితే ఆవు మేయలేదంది. ఆవును అడిగితే కాపరి మేపలేదంది. కాపరిని అడిగితే అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు. అవ్వను అడిగితే పిల్లవాడు ఏడ్చాడంది. పిల్లవాణ్ని అడిగితే చీమ కుట్టిందన్నాడు. చివరికి చీమను అడిగితే "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది.

పాఠం ఇంటింటికీ కొద్దిగా మారుతుంది. ఆవును మేపేవాణ్ని ఒకరు గొల్లవాడంటారు, ఇంకొకరు పాలేరంటారు. నేను కాపరి అన్న మాట తీసుకున్నాను. ఆ మాట ఎంత పని చేసిపెట్టిందో తర్వాత రాస్తాను.

రాసుకున్నాక వేళ్ల మీద లెక్కపెట్టాను. చేప, గడ్డి, ఆవు, కాపరి, అవ్వ, పిల్లవాడు, చీమ. ప్రశ్నలూ ఏడే! ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఏడు ప్రశ్నలు. ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్న కథలో ఈ లెక్క ఇవాళే నా కంటబడింది. పెన్ను పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

అదే వారం, శనివారం

ఈ దారిలో ముందు నడిచినవాళ్ల స్కోర్లు, అంటే వాద్యాలన్నిటి స్వరలిపి ఉన్న ప్రతులు, తీసి చదువుతున్నాను.

అందరికీ మొదట గుర్తొచ్చేది రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో రాసిన 'పీటర్, తోడేలు'. మాస్కోలో పిల్లల నాటకశాల నడుపుతున్న నతాలియా సాట్స్ అడిగితే రాశాడు. మాటలు కూడా తనే రాసుకున్నాడు. పిట్టకు ఫ్లూటు, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తాతకు బసూన్, తోడేలుకు మూడు హార్న్‌లు, పీటర్‌కు తంత్రీవాద్యాలు. వేటగాళ్ల తుపాకుల మోతకు టింపనీ, పెద్ద డ్రమ్ము. ఇదంతా ఎవరైనా చెబుతారు. ఈసారి పెన్సిలు పట్టుకుని చదివితే మరొకటి కనిపించింది. చాలాచోట్ల మాట ఆగాకే సంగీతం, సంగీతం ఆగాకే మాట. రెండూ ఒకదాని మీద ఒకటి పడే చోట్లు తక్కువ. అంత పెద్ద స్వరకర్త కూడా మాటకు దారి వదిలి పక్కన నిలబడ్డాడు.

ఫ్రెంచ్ స్వరకర్త పూలెంక్ రాసిన ఏనుగుపిల్ల 'బాబార్' కథ వేరే తీరు. పియానో ముందు కూర్చుని ఏదో వాయించుకుంటూ ఉంటే చుట్టాల పాప ఒకతె బొమ్మల పుస్తకం తెచ్చి ఎదురుగా పెట్టి, ఇది వాయించమందట. 1940లో మొదలైన ఆ పని 1945లో పూర్తయింది. అది పియానోకూ కథకుడికీ రాసిన రచన. ఆర్కెస్ట్రాకు మార్చింది జాన్ ఫ్రాన్సే, 1962లో. అందులో కథ చెప్పినంతసేపు చెప్పి, ఆ తర్వాత ఆ పాత్ర మనసులో ఏముందో పియానో చెబుతుంది. ఏనుగుపిల్ల తల్లిని పోగొట్టుకున్న చోట కథకుడు చెప్పేది ఒకటి రెండు వాక్యాలే. దుఃఖమంతా ఆ తర్వాత వస్తుంది.

ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ 1945లో పిల్లల కోసం పాతకాలపు స్వరకర్త పర్సెల్ బాణీ మీద రాసిన రచనలో కథ లేదు, వాద్యాల పరిచయమే. వ్యాఖ్యానం లేకుండా కూడా వాయించుకోవచ్చు. చివర ఫ్యూగ్‌లో, అంటే ఒకే బాణీని ఒకరి వెంట ఒకరు అందుకునే చోట, వాద్యాలన్నీ తాము మొదట పరిచయమైన వరసలోనే మళ్లీ ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. ఇది దాచుకోవలసిన ఉపాయమని పక్కన గీత గీసుకున్నాను.

వాద్యాల మీద మాట పలికించడం వీళ్లతో మొదలైంది కాదు. 18వ శతాబ్దంలో దాని పేరే మెలోడ్రామా. ఇప్పుడు ఆ మాటను అతిగా నటించడానికి వాడుతున్నాం గానీ అప్పట్లో అదొక సంగీత ప్రక్రియ. స్వరకర్త గెయోర్గ్ బెండా 1775లో రాసిన 'అరియాడ్నే'లో పాట లేదు, అంతా మాటే, మాటల మధ్య ఆర్కెస్ట్రా. మూడేళ్ల తర్వాత మొజార్ట్ ఆ పద్ధతి తనకు ఎంత నచ్చిందో తండ్రికి ఉత్తరం రాశాడు. మన హరికథలోనూ అంతే గదా. పాట ఆపి మామూలు మాటలోకి దిగిన క్షణాన సభ మొత్తం ముందుకు వంగుతుంది.

వాద్యాల సంఖ్య తేల్చుకున్నాను. ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బసూన్ ఒక్కొక్కటి, మూడు హార్న్‌లు, ఒక ట్రంపెట్, ఒక ట్రాంబోన్, టింపనీ, తాళవాద్యాలు, తంత్రీవాద్యాలు. ఇంచుమించు ప్రొకోఫియెవ్ వాడినవే. రెండూ ఒకే కచేరీలో పెట్టుకోదలచినవాళ్లు కొత్తగా ఎవరినీ వెతుక్కోవలసిన పని ఉండదు. తాళవాద్యాల్లో జైలోఫోన్, వైబ్రాఫోన్ మాత్రం నేను చేర్చాను.

రెండో వారం

వారమంతా స్వరం ఒక్కటి కూడా రాయలేదు. మాత్రలు లెక్కపెట్టాను.

"చేపా" అంటే రెండు గురువులు, నాలుగు మాత్రలు. "గడ్డీ" కూడా అంతే, ద్విత్వం ముందున్న "గ" గురువు కాబట్టి. "ఆవూ", "అవ్వా", "చీమా" అన్నీ నాలుగే. రెండుసార్లు పిలిస్తే ఎనిమిది మాత్రలు, నిండైన చతురశ్ర నడక. "కాపరీ" అనేసరికి గురువు, లఘువు, గురువు. రగణం, ఐదు మాత్రలు. "పిల్లవాడా" అంటే గురువు, లఘువు, మళ్లీ రెండు గురువులు. మొత్తం ఏడు.

అంటే పిలుపుల్లోనే నాలుగు, ఐదు, ఏడు ఉన్నాయి. చతురశ్రం, ఖండం, మిశ్రం అన్న తాళ నడకలు. పైగా రాజకుమారుల వేటకు హార్న్‌లు రాస్తే అవి సహజంగా మూడు మూడుగా పరుగెత్తుతాయి, వేట కొమ్ముల కాలం నుంచీ వాటి నడక అది. అక్కడ తిశ్రం. ఈ కథను తరతరాలుగా చెబుతూ వచ్చిన అవ్వలెవరూ తాళం లెక్క కట్టి ఉండరు. అయినా లెక్క వాళ్ల నాలుక మీద ఉంది.

"గొల్లవాడా" అన్నా ఏడే వస్తుంది. "పాలేరా" అంటే ఆరు. ఖండం దొరికేది "కాపరీ"తోనే. అందుకే ఆ మాట ఖాయమైంది. ఏడో ప్రశ్న దాకా ఒకే నడకలో వెళితే పిల్లలు మూడో ప్రశ్న దగ్గరే పక్కచూపులు చూస్తారు. నాలుగో పిలుపు దగ్గర ఐదు మాత్రలు వస్తే తెలియకుండానే కాలు తడబడుతుంది, చెవి నిక్కబొడుచుకుంటుంది.

మూడో వారం

కథ చెప్పడానికి ఒక రంగస్థల నటి ఒప్పుకున్నారు. నాకంటే పదేళ్లు పెద్ద, అక్కా అని పిలుస్తాను. ఇవాళ సంగీతం ఊసు లేకుండా, పిల్లలకు చెప్పినట్టు చెప్పమని ఫోనులో రికార్డు చేసుకున్నాను. నా ప్రతిలో 190 మాటలున్నాయి. ఆమె తీరిగ్గా చెప్పినా రెండు నిమిషాలకు అటూ ఇటూగా అయిపోయింది. అంటే 13 నిమిషాల్లో 11 నిమిషాలు ఆర్కెస్ట్రావే. భయం వేసింది. అంతసేపు సంగీతం ఏం చెబుతుంది?

రాత్రి ఆ రికార్డింగు పదే పదే విన్నాను. పియానో మీద ఆమె గొంతు ఎక్కే చోటు, దిగే చోటు వెతుక్కుంటూ వెళ్లాను. "చేపా చేపా" అన్నప్పుడు రెండో పిలుపు మొదటిదానికంటే కొంచెం పైన ఉంది. "ఎందుకు" దగ్గర గొంతు అన్నిటికంటే ఎత్తుకు వెళ్లింది. "ఎండలేదు" అంటూ నెమ్మదిగా దిగి నేలకు వచ్చింది. గడ్డి దగ్గర, ఆవు దగ్గర, ఆఖరికి చీమ దగ్గర కూడా అదే గీత. ఎందుకు, ఏమిటి అని అడిగే ప్రశ్న మన నోట చివర దిగుతుంది. జవాబులు ఎలాగూ దిగుతాయి, అవి మామూలు వాక్యాలు.

ఒక్కచోట మాత్రం గొంతు చివర పైకి లేచింది. "కుట్టనా?"

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. అవును. ఏడుగురిలో ఆరుగురు జవాబు చెప్పారు. చీమ జవాబు చెప్పలేదు, తిరిగి అడిగింది. కథంతా దిగుతూ వచ్చిన గీత ఆఖరి అక్షరం మీద పైకి లేచి, లేచినచోటే ఆగిపోయింది. ఇంకో సంగతి కూడా. "కుట్టనా" గురువు, లఘువు, గురువు. "కాపరీ" ఎంతో ఇదీ అంతే, ఐదు మాత్రలు.

నేను బాణీ కట్టనక్కరలేదు, ఉన్నదాన్ని విని రాసుకోవాలి. ప్రశ్న బాణీ ఆమె గొంతు గీతే. రాత్రి రెండింటికి దాన్ని స్వరలిపి ఐదు గీతల మీద పెట్టేశాను.

నాలుగు, ఐదు వారాలు

వాద్యాల పంపకం.

ముందుగా చేపల ఎండుదలకు జైలోఫోన్. కర్రపలకల మీద గట్టి పుల్ల దెబ్బ, మోగిన క్షణమే ఆరిపోతుంది. అంతకంటే ఎండిన శబ్దం ఆర్కెస్ట్రాలో లేదు. ఫ్రెంచ్ స్వరకర్త సాఁ-సాన్స్ ఎముకల గూళ్ల నాట్యానికి దాన్నే వాడుకున్నాడు, 1874లో. మొదటి ఆరు చేపలకూ ఆరు జైలోఫోన్ దెబ్బలు. ఏడోదానికి వైబ్రాఫోన్, నూలు చుట్టిన పుల్లతో, పెడల్ నొక్కి ఉంచి. లోహపు పలక నుంచి ఆ ఒక్క స్వరం చెమ్మలా పాకి చాలాసేపు నిలుస్తుంది. టక్, టక్, టక్, టక్, టక్, టక్, ఆ తర్వాత తడి. పిల్లలకు చేప ఎండలేదన్న సంగతి అక్క చెప్పక ముందే తెలియాలి.

చేప గొంతు క్లారినెట్ కింది స్థాయి. నున్నగా జారుతుంది. గడ్డికి వయొలిన్లు, విల్లును తిప్పి వెంట్రుకలతో కాక కర్రతో తంత్రి మీద తట్టడం. 12 మంది కొద్దిగా ముందూ వెనకా తడితే గడ్డిమోపు కదిలినట్టే గలగలమంటుంది. తమ విల్లుల గురించి వాద్యకారులకు దిగులుంటుంది, అందుకని మరీ గట్టిగా తట్టనక్కరలేకుండా రాశాను. ఆవుకు హార్న్. ఆవు అరిచినట్టు మాత్రం రాయలేదు. అది ఆకలితో నిలబడి ఉంది, కాపరి కోసం చూస్తోంది. పొడుగాటి స్వరాలు రెండు, మధ్యలో ఎదురుచూపు. కాపరికి ఓబో. 1830లో స్వరకర్త బెర్లియోజ్ పొలాల నడుమ కాపరులను ఇంగ్లిష్ హార్న్, ఓబోలతో పలికించాడు, ఆ రెల్లు గొంతు మీద ఆ ముద్ర ఇంకా ఉంది. అవ్వకు ఒంటరి వయోలా. వయొలిన్ కంటే కాస్త కింద, కాస్త బొంగురు, తొందర లేనిది. పిల్లవాడి ఏడుపుకు ట్రంపెట్, మూతికి రబ్బరు మ్యూటు అడ్డం పెట్టి తీసి, పెట్టి తీసి.

మిగిలింది చీమ. ప్రశ్న ప్రశ్నకూ వాద్యాలు పెరుగుతూ వచ్చాయి కాబట్టి ఏడో చోట అందరూ ఒక్కసారిగా విరుచుకుపడేలా రాశాను. పికోలో అనే చిన్న ఫ్లూటు పైన గీరుతుంది, ట్రయాంగిల్ గణగణ మోగుతుంది, ట్రాంబోన్, టింపనీ, మొత్తం 30 మంది. ఆ పుట స్కోరులో నల్లగా నిండిపోయింది. గర్వంగా ఉంది.

ఆరో వారం, మొదటి రిహార్సల్

రెండు దెబ్బలు తగిలాయి.

మొదటిది నా పొరపాటు. హార్న్ ఎఫ్‌లో ఉండే వాద్యం, కాగితం మీద ఉన్నదానికంటే పంచమం, అంటే స నుంచి ప అంత దూరం, కింద మోగుతుంది. అందుకని పంచమం పైకి ఎత్తి రాసివ్వాలి. స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో వినిపించే స్థాయి చూపే మీట వేసి ఉంచి, అలాగే హార్న్ ప్రతులు అచ్చు తీశాను. మూడు హార్న్‌ల వేట అడుగున ఎక్కడో బురదలో కూరుకుపోయింది. హార్న్ వాయించే పెద్దాయన మూడో కొలతలోనే, అంటే మూడో తాళావృత్తంలోనే, వాద్యం దించి, "బాబూ, ఇది నా ప్రతేనా?" అని మెల్లగా అడిగారు. వాళ్లు అక్కడికక్కడే కళ్లతో చూస్తూ పంచమం ఎత్తి వాయించారు. ఆ నైపుణ్యానికి దండం పెట్టాను. 30 మంది సమయం 20 నిమిషాలు పోయింది. ఇకనుంచి అచ్చుకు ముందు క్లారినెట్, హార్న్ ప్రతుల మొదటి కొలత పియానో దగ్గర సరిచూస్తాను.

రెండోది మైకు. మామూలు మాట ఒక మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉంటుంది. ఆర్కెస్ట్రా గట్టిగా వాయిస్తే 90 దాటుతుంది. కాబట్టి మైకు తప్పదు. స్టాండు మైకు అక్క ముందు 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టాం. అది ముందువైపు ఎక్కువగా వినే రకం, వెనక నుంచి వచ్చేదాన్ని తీసుకోదు. కానీ దాని ముందువైపు ఉన్నది అక్క ఒక్కరే కాదు, ఆమె వెనక ట్రంపెటు, ట్రాంబోను కూడా. మాట పెంచిన కొద్దీ ట్రంపెటూ పెరిగింది.

అక్కను రంగస్థలం అంచుకు, వయోలాల పక్కకు జరిపాం. చెవికి తగిలించే మైకు పెట్టి నోటికి 5 సెంటీమీటర్ల దగ్గరకు తెచ్చాం. దూరం సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ లాభం. 40 నుంచి 5కు వస్తే మూడు సగాలు, 18 డెసిబెల్స్. తేడా చెవికి కొట్టొచ్చినట్టు తెలిసింది.

అయినా కొన్ని మాటలు పోతున్నాయి. ఏవి పోతున్నాయో హాలు చివర కూర్చుని రాసుకున్నాను. "చీమ కుట్టింది"లో "చీ" పోయింది, "టి" పోయింది. అక్కడే నేను ట్రయాంగిలూ సింబలూ పెట్టాను. హల్లుల పదునంతా 2,000 హెర్ట్జ్ పైన ఉంటుంది, వాటి మెరుపూ అక్కడే. అచ్చులు మిగిలాయి, హల్లులు కరిగిపోయాయి. "పిల్లవాడు ఏడ్చాడు" దగ్గర సమస్య ఇంకో రకం. అక్క గొంతు తిరిగే స్థాయిలోనే వయోలా, చెల్లో నిండుగా పలుకుతున్నాయి. ఒకే గుమ్మంలోంచి ఇద్దరు దూరినట్టు ఉంది.

రాత్రి ఎర్ర పెన్సిలు తీసి మాట ఉన్న ప్రతి చోటా సంగీతాన్ని తగ్గిస్తూ పోయాను. ఎక్కడైతే మాట తప్పనిసరిగా సంగీతం మీద పడాలో అక్కడ రెండే దారులు మిగిల్చాను. గొంతుకు బాగా కింద డబుల్ బేస్, లేదా బాగా పైన వయొలిన్ల సన్నటి గీత. మధ్య గది ఖాళీ. అది అక్కది.

ఏడో వారం

అక్కకూ కండక్టర్ గారికీ మధ్య పొంతన కుదరడం లేదు. ఆమె రంగస్థలం మనిషి, హాలును చూసి ఒకరోజు ఆగుతుంది, ఒకరోజు పరుగెడుతుంది. స్కోరులో మాట కింద లయ రాసిచ్చాను మొదట. ఆమె దాని ప్రకారం చదివింది, తప్పులేదు, కానీ కథ చచ్చిపోయింది. బడిలో పద్యం అప్పజెప్పినట్టు ఉంది.

అందుకని పిలుపులకు మాత్రం లయ ఉంచి, మిగతా మాటంతా వదిలేశాను. "చేపా చేపా" తాళంలోనే పడాలి, ఆర్కెస్ట్రా ఆమెతోపాటు పలుకుతుంది. ఆ తర్వాత ఒకే కొలతను ఆమె ముగించేదాకా తిప్పి తిప్పి వాయించేలా పెట్టాను. ఆమె ఆఖరి మాట చెవిన పడగానే కండక్టర్ ఎడమ చెయ్యి ఎత్తుతారు, ముందుకు కదులుతారు. ఇలాంటి కొలతలు స్కోరులో ఆరు ఉన్నాయి. ఆ కొలత తిరగడం వినేవాడికి తెలియకుండా రాయడం బాణీ రాయడం కంటే కష్టం. తల ఎక్కడో తోక ఎక్కడో అంతుచిక్కకూడదు. గడ్డి దగ్గర సులువు, గలగల ఎంతసేపైనా గలగలే. ఆవు దగ్గర నాలుగుసార్లు చించి రాశాను.

ప్రారంభం కూడా కొట్టేశాను. రాజుగారి పేరు చెప్పి ట్రంపెట్ హార్న్‌లతో 40 కొలతల ఆర్భాటం పెట్టుకున్నాను. ఇప్పుడు దీపాలు తగ్గగానే నిశ్శబ్దంలో అక్క "అనగనగా" అంటుంది. ఆ "గా" దీర్ఘం కిందికి టింపనీ, వినీ వినబడనట్టు, వచ్చి చేరుతుంది.

ఎనిమిదో వారం, పిల్లల ముందు

14 మంది పిల్లలు వచ్చారు, రిహార్సల్ వినడానికి. నేను వాళ్ల వెనక నేల మీద కూర్చుని వాళ్ల వీపులు చూస్తూ ఉన్నాను. విసుగు పుట్టినా ఆసక్తి పుట్టినా ముందు వీపుకే తెలుస్తుంది.

ఏడో స్వరం, ఆ తడి స్వరం మోగగానే ఒక పాప "అది ఎండలేదు" అంది పక్కనున్న పిల్లతో. అక్క ఇంకా నోరు తెరవలేదు.

నాలుగో పిలుపు నుంచి పిల్లలు అక్కతో కలిసి పలకడం మొదలుపెట్టారు. ఐదు మాత్రల "కాపరీ కాపరీ" ఎవరూ నేర్పకుండానే సరిగ్గా పడింది. వాద్యకారుల్లో ఇద్దరు అక్కడ రెండుసార్లు తప్పారు ఇంతకుముందు. పిల్లలు తప్పలేదు, వాళ్లకది ఐదు కాదు, ఒక మనిషి పేరు.

ఆ తర్వాత చీమ. నల్లగా నిండిన పుట. 30 మందీ విరుచుకుపడ్డారు. ముందు వరసలో ఒక చిన్నవాడు చెవులు మూసుకున్నాడు. ఆ మోత తగ్గేసరికి అక్క "కుట్టనా?" అంది, కానీ అప్పటికే వీపులన్నీ వెనక్కి వాలిపోయాయి. అందరికీ తెలిసిన ఆ మాట, కథంతా దేనికోసం ఎదురుచూస్తుందో ఆ మాట, ఖాళీ చేతుల్లో పడింది.

ఆ పుట తీసేశాను. అది నాకు ఇష్టమైన పుట, తీయడానికి మూడు రోజులు పట్టింది.

ఇప్పుడు ఏడో ప్రశ్న దాకా ఆర్కెస్ట్రా పెరుగుతూ వచ్చి, "చీమా చీమా ఎందుకు కుట్టావు?" అన్న చోట ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు సెకన్ల నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక్క వయొలిన్, అదీ చివరి వరసలో కూర్చున్నావిడ, విల్లు ఒళ్లో పెట్టుకుని వేలితో ఒక తంత్రి మీటుతుంది. వేలు పెట్టినందుకు కుట్టింది కదా, ఆ వేలి శబ్దమే చీమ గొంతు. అక్క ఆ వాక్యమంతా ఏ వాద్యమూ లేకుండా చెబుతుంది. "కుట్టనా" తర్వాత అదే వయొలిన్ మూడు స్వరాలు మీటుతుంది. గురువు, లఘువు, గురువు. మూడోది పైకి. దాని కింద ఎవరూ ఏమీ వాయించరు.

చీమ చిన్నదే గానీ పుట్ట దానిది, బంగారు పుట్ట. దానికి పెద్ద గొంతు అక్కర్లేదు, అందరూ నోరు మూసుకుంటే చాలు.

తొమ్మిదో వారం

రిహార్సల్ అయ్యాక ఆ పాప అడిగిన మాట వదలడం లేదు. తడి చేపను పోల్చుకున్న పాపే. తల్లి చెయ్యి పట్టుకుని వెళ్లిపోతూ వెనక్కి తిరిగి, "మరి చేప ఎండిందా?" అంది.

"ఎండిందా." చివర ఆ, గొంతు పైకి. చీమ ఎత్తిన చోటికే ఎత్తింది. కథ నిజంగానే అక్కడ ముగియలేదు, నేను ఇన్నేళ్లూ అడగలేదు అంతే.

అక్క ఓ వాక్యం చేరుస్తానంది. "అందరూ సర్దుకున్నారు, చేప ఎండింది అని చెప్పేస్తే సరిపోతుంది కదా" అంది. వద్దన్నాను. కథలో లేని మాట మనం కలపకూడదు. పైగా 11 నిమిషాలు సంగీతం ఏం చెబుతుందని మొదట్లో భయపడ్డాను కదా, దానికి జవాబు ఇదే. మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి సంగీతం కథ చెప్పాలి.

బ్రిటన్ ఫ్యూగ్ పక్కన గీసుకున్న గీత గుర్తొచ్చింది. అతను వాద్యాలను వచ్చిన వరసలోనే మళ్లీ పిలిచాడు. నేను తిరగేస్తున్నాను. వయొలిన్ మీటుడు మెల్లగా ఆగుతుంది, చీమ పుట్టలోకి వెళ్లింది. ట్రంపెట్ మ్యూటు పూర్తిగా తీసేసి మెత్తగా ఒక ఊపిరి పలుకుతుంది, పిల్లవాడు ఏడుపు మానాడు. వయోలా తన బాణీని మొదటిసారి చివరిదాకా పాడుతుంది, ఇంతకుముందు ఎప్పుడూ ఏడుపు మధ్యలో తెగిపోయేది. ఆ తర్వాత ఓబో, ఈసారి నడుస్తూ. హార్న్ రెండు స్వరాల మధ్య ఉన్న ఎదురుచూపు తీసేశాను, అక్కడ మూడో స్వరం వచ్చి చేరింది. వయొలిన్ల గలగల 12 మంది నుంచి ఆరుగురికి, ముగ్గురికి, ఒకరికి. ఆవు మేసేస్తోంది. అంతా రెండు నిమిషాలు. అక్క కూడా కూర్చుని వింటుంది.

శుక్రవారం పియానో మీద వాయించి ఆమెకు వినిపించాను. హార్న్ మూడో స్వరం దగ్గర ఆమె, "మేసింది" అంది.

పదో వారం

ఇవాళ చివర రాశాను. గడ్డి తగ్గిపోయాక ఎండ పడుతున్నట్టు వయొలిన్ల పైస్థాయి గీత ఒక్కటే మిగులుతుంది. దాని మీద జైలోఫోన్, మొదట్లో లాగే, ఆరు దెబ్బలు.

తాళవాద్యాలు వాయించే అబ్బాయి ఫోను చేశాడు. మొదటిసారి జైలోఫోన్ నుంచి వైబ్రాఫోన్‌కు మారి, గట్టి పుల్లలు పెట్టేసి నూలు పుల్లలు అందుకోవడానికి నాలుగు సెకన్లు కావాలన్నాడు. ఆరో చేప తర్వాత ఒక కొలత విరామం పెంచాను. ఆ ఆలస్యం కథకు కూడా మంచిదే, ఏడో చేప దగ్గర చూపు ఆగుతుంది. చివర్లో కూడా అంత సమయం ఇస్తారా అని అడిగాడు.

అతని ప్రతి ఆఖరి పుట తీసి చూశాను. ఏడో స్వరం మీద "వైబ్రాఫోన్‌కు మారండి" అని అచ్చులో ఉంది. ఆ మాట కొట్టేసి, పెన్సిలుతో "జైలోఫోన్ దగ్గరే ఉండండి, గట్టి పుల్లే" అని రాశాను.